కాలిన కాగితాలు, మిగిలిన గుట్ట

హైదరాబాద్ పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూసినవాళ్లు ఆరో నిజాం బట్టల బీరువాను మరిచిపోలేరు. బీరువా అనడం మన అలవాటు గానీ, అది హాలు పొడవునా సాగిన రెండంతస్తుల చెక్కపని. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలూ అక్కడే అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. మరి ఆ నిజాం మీద తిరగబడ్డవాళ్ల వస్తువులు ఎక్కడ చూడాలి? నన్నడిగితే హుస్నాబాద్ బస్సెక్కమంటాను. దిగి మహ్మదాపూర్ గుట్టల దారి పట్టాలి. టికెట్టు లేదు, గైడూ లేడు.

1948 మార్చి 14న నిజాం బలగాల కాల్పుల్లో అనభేరి ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్లతో పాటు మరో 10 మంది ఇక్కడే ఒరిగిపోయారు. ఆ తేదీ దగ్గర కాస్త ఆగాలి. ఢిల్లీలో జెండా ఎగిరి అప్పటికి ఏడు నెలలు. ఇక్కడ మాత్రం రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. భారత సైన్యం రావడానికి ఇంకా ఆరు నెలలుంది.

అనభేరిది కరీంనగర్ దగ్గరి పోలంపల్లి. పుట్టింది భూస్వాముల ఇంట్లోనే. ఆయన దళం ఊళ్లోకి వస్తే పటేల్, పట్వారీల ఇళ్లలోని దస్త్రాలు బయటపడేవి, నడివీధిలో మంట లేచేది. కాగితాల మీద అంత కోపమెందుకని ఇప్పటివాళ్లకు అనిపించొచ్చు. ఎవరి చెలక ఎవరి పేరున ఉందో, ఎవరు ఎంత లెవీ ధాన్యం కొలవాలో, తాత చేసిన అప్పు మనుమడి మీదికి ఎంతై వచ్చిందో అన్నీ ఆ కట్టల్లోనే. రాసేది పట్వారీ, రాయించేది దొర. రైతుకు తెలిసింది వేలిముద్ర ఒక్కటే.

చరిత్ర రాసేవాడిగా ఆ దస్త్రాల్లో ఒక్కటైనా చేతికందితే బాగుండుననిపిస్తుంది. అవి అందకుండా చేయడమే వాళ్లు చేసిన పని! సర్కారు కాగితాలు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇటువైపు నుంచి మాత్రం బూడిదే. అద్దాల పెట్టెలో పెట్టడానికి ఏముంటుంది?

స్తూపం ఉంది. ఏటా మార్చి 14న ఎర్రజెండాలతో జనం వస్తారు. మిగతా రోజుల్లో ఎండ, ముళ్లకంప, గుట్టబండల మీద మేకలు.

సాయంత్రం హుస్నాబాద్ వచ్చి బస్సు కోసం చూస్తుంటే ఎదురుగా జిరాక్స్ సెంటర్. పట్టాదారు పాస్‌బుక్కును రుమాలులో చుట్టి తెచ్చిన ముసలాయన, కాపీ తీసేదాకా మిషన్ మీంచి కన్ను తీయలేదు.