వాల్తేరు పోటీల నుండి మన పరిషత్తుల దాకా



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, డి.ఏ. గురించో వైద్య ఖర్చుల గురించో వ్రాయడానికి నాకంటె తెలిసినవారున్నారని చెప్పాను. "అయితే మీ నాటకాల సంగతి వ్రాయండి" అన్నారు. నేను నటుణ్ణి కాను. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడే ప్రాంప్టరును. అక్కడినుండి చూసినదీ, పెద్దలు చెప్పగా విన్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి వ్రాస్తున్నాను.

మన గుంటూరుకు నాటకం కొత్త కాదు. కందుకూరి వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో నాటకాలు ఆడించిన ఆ తొలి రోజుల్లోనే, అంటే 1880ల్లోనే, గుంటూరులో కొండుభట్ల సుబ్రహ్మణ్యశాస్త్రిగారు నాటక సమాజం నడిపారు. బాపట్ల దగ్గర ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు 1912లో వ్రాసిన హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు మన ప్రాంతంలో లేదు. అందులో కాటిసీనుకు వినుకొండవాడైన గుఱ్ఱం జాషువాగారి శ్మశాన పద్యాలు తోడై, మిరపకాయల బస్తాల మీద కూర్చున్న రైతులచేత కూడా కన్నీళ్ళు పెట్టించాయి. తెనాలి శ్రీరామవిలాస సభలో బాపట్లవాసి స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్ర ధరిస్తే, ఆడవాళ్ళు ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవారని మా అమ్మ చెప్పేది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినది కూడా 1929లో మన తెనాలిలోనే.

ఇది ఒక పాయ. రాత్రి పది గంటలకు మొదలై తెల్లవారుజామున ముగిసే పద్యనాటకం. ఒక పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ పడితే కథ అక్కడే ఆగుతుంది. ఎవరి కిరీటం వారే తెచ్చుకుంటారు, ఎవరి రాగం వారే పాడుకుంటారు. దర్శకుడనే మాటకు అక్కడ పెద్దగా పని లేదు.

రెండవ పాయ ప్రజానాట్యమండలి. 1943 నుండి ఆ కళాకారులు రైతు కష్టం, కూలి కష్టం రంగస్థలం మీదకు తెచ్చారు. సుంకర, వాసిరెడ్డిగార్లు 1947లో వ్రాసిన 'మాభూమి' ఎంతగా పాకిందంటే, మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించవలసి వచ్చింది. దుగ్గిరాలలో పెరిగిన జమునగారు సినిమాలకు వెళ్ళకముందు ఆ బాటలోనే నాటకాలాడారు.

మూడవ పాయ చాలామందికి తెలియదు. అది విశ్వవిద్యాలయం పాయ. నేను ముఖ్యంగా చెప్పదలచినది దీనిని గురించే.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు దాని కార్యస్థానం బెజవాడ. 1930లో వాల్తేరుకు మారింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేదాకా, అంటే యాభై సంవత్సరాలు, మన గుంటూరు ఎ.సి. కాలేజీ, హిందూ కాలేజీ మొదలైనవన్నీ వాల్తేరు కిందనే ఉండేవి. పరీక్ష పేపర్లు అక్కడినుండే, డిగ్రీ పట్టాలు అక్కడినుండే. నాటకం కూడా కొంతవరకు అక్కడినుండే వచ్చింది.

1940ల్లో ఆ విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రారుగా ఉన్నవారు కూర్మా వేణుగోపాలస్వామిగారు. మన ఉద్యోగులకు తెలుసు, రిజిస్ట్రారంటే ఫైళ్ళూ, ముద్రలూ, సంతకాలూ. ఈయన మాత్రం ఆ కుర్చీలో కూర్చుని నాటకాన్ని పెంచారు. ప్రయోగాత్మక రంగశాల ఏర్పరచారు. కాలేజీల మధ్య నాటిక పోటీలు పెట్టారు. ఆయనకు తోడుగా నిలిచినవారు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావుగారు. ఈయన మనవారే. 1896లో తెనాలి తాలూకా అనంతవరంలో పుట్టారు. గురజాడవారి 'కన్యాశుల్కం' ఉన్నదున్నట్లు ఆడితే ఒక రాత్రి చాలదు. దానిని ప్రదర్శనకు వీలుగా కుదించి ఆడించినవారిలో అబ్బూరివారు ముఖ్యులు. ఒకరు రిజిస్ట్రారు, ఒకరు లైబ్రేరియను. ప్రొఫెసర్ల పని ఇద్దరు కార్యాలయాధికారులు చేశారంటే మనబోటివారికి కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఈ పోటీల సంగతి నాకు మొదట చెప్పినవారు నేను 1968లో గుమాస్తాగా చేరినప్పటి మా సూపరింటెండెంటుగారు. 1950ల్లో ఆయన గుంటూరులో చదువుకుంటూ జట్టుతో వాల్తేరు వెళ్ళారు. రాత్రంతా రైలు ప్రయాణం, తెల్లవారాక సముద్రం, సాయంత్రానికి నాటిక. ఒక్క సెట్టు, ఒక్క గది. గంట లోపల కథ మొదలై ముగియాలి. పద్యం లేదు, హార్మోనియం లేదు. ఆడపాత్ర ఆడపిల్లే వేయాలని అక్కడివారి ఆశయం. "మైకు కోసం అరవకుండా మామూలుగా మాట్లాడితే జనం వింటారని నేను మొదటిసారి అక్కడ చూశానోయ్" అనేవారు. వారి జట్టుకు బహుమతి రాలేదు. ఆయన తెచ్చుకున్నది ఈ ఒక్క సంగతి.

ఆ పోటీలకు నాటికలు కావలసి వచ్చాయి కనుక వ్రాసేవారూ పుట్టారు. బాపట్లలో వైద్యం చేసుకుంటూ వందకు పైగా నాటికలు, నాటకాలు వ్రాసిన డాక్టరు కొర్రపాటి గంగాధరరావుగారిని పాఠకులలో కొందరు చూసే ఉంటారు. విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న రోజుల్లో గొల్లపూడి మారుతీరావుగారు 'స్నానాల గది' ఆడించారు. గొల్లపూడివారు నటించిన 'మనస్తత్వాలు' ఢిల్లీలో జరిగే అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్ళింది. ఇటువంటి నాటికలు వాల్తేరు వేదిక మీదనుండి కాలేజీ పిల్లల వెంట మన ఊళ్ళకు వచ్చాయి.

ఇక ఎ.సి. కాలేజీ మాట. నందమూరి తారకరామారావుగారు, కొంగర జగ్గయ్యగారు అక్కడే చదివి అక్కడే నాటకాలాడారు. రామారావుగారు 1947లో సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి మూడు వారాలకే మానుకున్నారు. మన శాఖలకు దక్కని ఉద్యోగి ఆయన! జగ్గయ్యగారు 1967లో ఒంగోలు నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

అయితే అందరూ మద్రాసు వెళ్ళలేదు. కాలేజీ వేదిక దిగిన వందమందిలో తొంభై తొమ్మిదిమంది మనలాగ కచేరీలలో, బ్యాంకులలో, బడులలో చేరారు. వాళ్ళే ఉద్యోగుల రిక్రియేషన్ క్లబ్బులలో నాటకాలు పెట్టారు. మా సూపరింటెండెంటుగారు చేసిందీ అదే. సాయంత్రం అయిదున్నరకు టపా కట్టలు పక్కకు జరిపి, ఆ బల్లల మధ్యనే రిహార్సలు. ఆయన ఎన్నుకున్న నాటకం ఆచార్య ఆత్రేయ వ్రాసిన 'ఎన్.జి.ఓ.'. చాలీచాలని జీతంతో సంసారం ఈదలేని చిన్న ఉద్యోగి కథ. 1953లో 'గుమాస్తా' అనే పేరుతో సినిమాగా కూడా వచ్చింది. అంతవరకు మేము చూసిన నాటకాల్లో రాజులు కష్టాలు పడేవారు. నెలాఖరున అప్పుకోసం పక్కింటి తలుపు తట్టేవాడు కూడా నాటకానికి నాయకుడు కావచ్చునని మాకు తెలిసింది ఆ నాటకంతోనే.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. ప్రకాశం పేరు 1972లో పెట్టారు. మన జిల్లానుండి ఒంగోలు, అద్దంకి, చీరాల అటు వెళ్ళాయి. భూములతోపాటు ఫైళ్ళు, ఫైళ్ళతోపాటు గుమాస్తాలు. మా నాటకంలో నాయకుడి పాత్ర వేసే మిత్రుడు కూడా ఒంగోలుకు వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళే ముందు వారం చివరిసారి 'ఎన్.జి.ఓ.' ఆడాము. ఆఖరి రంగంలో ఆయన ఆగిపోయాడు. మాట అందించవలసినవాణ్ణి నేను. పుస్తకం నా చేతిలోనే ఉంది, పంక్తి కళ్ళముందే ఉంది. కాని నా గొంతు పెగలలేదు. తప్పు నాదే. చూస్తున్నవాళ్ళు అదంతా నటన అనుకుని చప్పట్లు కొట్టారు. తెర పడ్డాక సూపరింటెండెంటుగారు నన్నేమీ అనలేదు. "ప్రాంప్టరు ఏడవకూడదోయ్, ఏడిస్తే నాటకం ఎవరు నడుపుతారు?" అని మాత్రం అన్నారు.

ఆ మిత్రుడు ఒంగోలులో ఇంకొక జట్టు కట్టాడు. జిల్లా రెండయితే జట్టు కూడా రెండయింది. అప్పుడు పోగొట్టుకున్నామనుకున్నది నిజానికి పంచుకున్నాము.

ఇలా అనేక చోట్ల నాటిన విత్తనాలే తరువాత పరిషత్తులయ్యాయి. మన వైపు పత్తి ఏరడం, మిరప కోతలు అయ్యి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులే నాటకాల రోజులు. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళలో ప్రభల ముందు రాత్రంతా పద్యనాటకం సాగితే, చిలకలూరిపేటలో సి.ఆర్. క్లబ్ కళాపరిషత్తు, మార్టూరులో శ్రీకారం రోటరీ కళాపరిషత్తు, రేపల్లె వైపు పల్లెకోనలో పరుచూరి రఘుబాబు స్మారక పరిషత్తు నాటికల పోటీలు పెట్టాయి. ఒక్క సెట్టు, నిర్ణీత వ్యవధి, న్యాయనిర్ణేతలు, ఉత్తమ రచనకు వేరే బహుమతి. ఈ పద్ధతులు చూస్తే నాకు మా సూపరింటెండెంటుగారి వాల్తేరు కబుర్లే గుర్తుకు వస్తాయి. విశ్వవిద్యాలయం పెట్టిన పోటీ పల్లెటూరి పందిట్లోకి వచ్చి కూర్చున్నది.

చదువుగా కూడా నాటకం ఎదిగింది. మన జిల్లా ధూళిపూడిలో 1935లో పుట్టిన మొదలి నాగభూషణశర్మగారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు బోధించి, ఎందరినో తయారుచేసి, 2019లో కాలం చేశారు. రాష్ట్రప్రభుత్వం 1998 నుండి నంది నాటకోత్సవాలు మొదలుపెట్టింది. మధ్యలో ఆగినా, 2023 డిసెంబరులో గుంటూరు శ్రీవేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో మళ్ళీ జరిగాయి. నేను వెళ్ళాను. వేదిక మీద కుర్రవాళ్ళున్నారు, చక్కగా ఆడారు. ముందు వరుసల్లో మాత్రం నా వయసువాళ్ళే ఎక్కువ. ఆ రోజున నాకు సంతోషమూ కలిగింది, భయమూ కలిగింది.

ఒంగోలు మిత్రుడు ఇప్పుడు లేడు. రిటైరయ్యాక పెన్షను కాగితాల కోసం చాలాకాలం తిరిగాడు. అవి చేతికి వచ్చిన తరువాత ఎక్కువ రోజులు బ్రతకలేదు. ఆయన కుమార్తె ఒకసారి మా ఇంటికి వచ్చి, "బాబాయిగారూ, నాన్నగారు ఆఖరి నాటకంలో ఎక్కడ ఆగిపోయారో చూపిస్తారా?" అని అడిగింది. అట్టలూడిన ప్రాంప్టింగు ప్రతి తీసి చూపించాను. ఆ పంక్తి పక్కన ఎర్ర పెన్సిలు గీత ఇంకా ఉంది. ఆ అమ్మాయి దానిని చేత్తో తడిమింది. చదవమంటే చదివాను. ఈసారి గొంతు పెగిలింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్ళీ విడిపోయాయి. చిలకలూరిపేట పల్నాడు జిల్లాలోకి, మార్టూరు, పల్లెకోన బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. మన సంఘం సభ్యులు కూడా నాలుగు జిల్లాల వారయ్యారు. అయినా నాటకానికి సరిహద్దు లేదని 1970లోనే చూశాము.

కనుక మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇళ్ళలో అటకల మీద పాత నాటక ప్రతులు, కరపత్రాలు, మేకప్‌తో దిగిన ఫోటోలు ఉంటే పారవేయవద్దు. వెనుక పేర్లూ సంవత్సరమూ వ్రాసి సంఘం కార్యాలయానికి అందజేయండి. ఈసారి దగ్గరలో పరిషత్తు జరిగినప్పుడు ఒక్కరే వెళ్ళకండి. మనుమడినో మనుమరాలినో వెంట తీసుకువెళ్ళండి. మాట మరచిపోయినవారికి పక్కనుండి మాట అందించడమే కదా ప్రాంప్టరు పని! ఈ వయసులో మనమందరం చేయగలిగిన పని అదే.