బెత్తం, మెట్లు, ధైర్యం

అల్లామా ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో విద్యార్థుల పట్ల కాఠిన్యం గురించి ప్రత్యేకంగా ఒక ప్రకరణం రాశారు. దండనతో పెరిగిన బాలునిలో ఉత్సాహం నశిస్తుంది. సోమరితనం, అబద్ధం, కపటం అలవాటవుతాయి. చివరకు తన్ను, తన ఇంటివారిని కాపాడుకునే పౌరుషం సైతం సన్నగిల్లుతుందని ఆయన అభిప్రాయం. ఖలీఫా హారూన్ రషీద్ తన కుమారుడు అమీన్ ఉస్తాద్‌కు చేసిన హితవును కూడా ఆయన ఉదాహరించారు: కాలం వృథా కానీయరాదు, బాలుని మనసు కుంగదీయరాదు, అతిగా ఉపేక్షించరాదు, మృదుత్వం ఫలించనప్పుడే కాఠిన్యం. విద్యను శిష్యుని శక్తిని బట్టి క్రమక్రమంగా, మూడు ఆవృత్తులలో బోధించాలన్నది మరొక ప్రకరణంలోని సూచన.

ఇటువంటి ఆలోచనకు ఆచరణరూపం ఆరు శతాబ్దాల తర్వాత, నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె సమీపాన కానవస్తుంది. అది ‘ముఖద్దిమా’ నుండి పుట్టినది కాదు. కరువుసీమ పల్లెల అవసరం నుండి పుట్టినది. జిడ్డు కృష్ణమూర్తి భావాలతో నడిచే ఋషివ్యాలీ విద్యాకేంద్రం ఆధ్వర్యంలో, 1980వ దశకం నుండి ఎ. రమా, వై.ఎ. పద్మనాభరావు దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలను తీర్చిదిద్దారు. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, వేర్వేరు వయసుల పిల్లలు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ‘నిచ్చెన’ మెట్లుగా అమర్చారు. మేకల వెంట వెళ్ళో, కూలిపనికి పోయో కొన్నాళ్ళు బడికి రాని పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు, తాను ఆగిన మెట్టునుండే సాగుతాడు. వెనుకబడ్డావన్న అవమానం లేదు. తడబడినవానికి తోటి బాలుడే తోడు. కర్ణాటకలోని ‘నలి కలి’, తమిళనాడులోని కృత్యాధార బోధన ఈ పద్ధతినుండే ప్రేరణ పొందాయి.

ఈ చరిత్ర మక్తబులకు ఎంతో సన్నిహితమైనది. అక్కడా ఒకే గది, ఒకే ఉస్తాద్. ఖాయిదాలో ఒక్కొక్కరి సబఖ్ ఒక్కొక్క చోట. ఎవరి వేగం వారిదే అన్న సూత్రం అక్కడ తరతరాలుగా ఉన్నదే. తొలగవలసినది బెత్తం మాత్రమే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. అయితే 2012 సవరణ ప్రకారం ప్రధానంగా మతవిద్య బోధించే మద్రసాలకు, వేద పాఠశాలలకు ఆ చట్టం వర్తించదు. కనుక అక్కడి పిల్లవాని ధైర్యానికి కాపలా ఉస్తాద్ మనస్సాక్షి, నిర్వాహకుల బాధ్యత. ఆరు వందల ఏళ్ళనాటి హెచ్చరిక ముందుగా చేరవలసినది వారికే.