తారీఖ్ ఒక్కటే, మానీలు రెండు

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్రను కూడా తారీఖ్ అనే అంటారు. ఉర్దూ మీడియం స్కూల్లో మా ఉస్తాద్ బోర్డు మూలన ఆ రోజు తారీఖ్ రాసి, వెంటనే తారీఖ్ కితాబు తీయమనేవారు. మాకెప్పుడూ గందరగోళం కాలేదు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక గమనించాను, తెలుగులోకి వచ్చిన తారీఖు తేదీగా మాత్రమే మిగిలింది. చరిత్ర అనే మానీ దారిలో ఎక్కడో జారిపోయింది. ఆ రెండు మానీలూ నాకు ఒకేసారి అవసరమైంది 2024లో, మా ఫూఫీ మనవడి నిఖాకు.

అప్పటికి రంజాన్ ఈద్ అయి కొద్ది రోజులే. నిఖా మే 31, జుమ్మా రోజు. బీటెక్ చదువుతున్న మా అమ్మాయి సరదాపడి ఫోన్‌లో పంపుకోవడానికి ఒక దావత్‌నామా పేజీ తయారు చేసింది. పైన దూల్హా దుల్హన్ల పేర్లు, కింద ఇంకా ఎన్ని రోజులుందో చెప్పే గడియారం. లింకు ఖాందాన్ అంతా తిరిగింది. రెండో రోజు జిద్దా నుంచి మా తమ్ముడి ఫోన్. "భయ్యా, జులై ఒకటికి టికెట్ చూస్తున్నా, మేలో కన్నా కొంచెం సస్తాగా ఉంది" అన్నాడు. జులై ఒకటేమిటి? పేజీ తెరిచి చూస్తే నిజమే. కార్డు మీద మే 31, ఫోన్‌లో జులై 1.

"అబ్బా, నేను మే అనే రాశాను. ఐదో నెల, ముప్పై ఒకటి" అంది అమ్మాయి, కళ్లలో నీళ్లతో. రాసింది చూపించింది కూడా. 2024, 5, 31. గల్తీ ఎక్కడుందో నాకేం తెలుస్తుంది? ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వెతికాం. దొరికిన జవాబు తేదీ గురించి కాదు, చరిత్ర గురించి.

జావాస్క్రిప్ట్‌లో నెలల లెక్క సున్నాతో మొదలవుతుంది. జనవరి 0, ఫిబ్రవరి 1, డిసెంబర్ 11. కాబట్టి 5 అంటే జూన్. జూన్‌లో 31 లేదు. లేదని చెప్పి ఆగిపోతే మనకు తెలిసేది. అది అలా ఆగదు. మిగిలిన ఒక్క రోజును తీసుకెళ్లి తర్వాతి నెలలో కలిపేస్తుంది. జూన్ 31 కాస్తా జులై 1 అవుతుంది. తమాషా ఏమిటంటే, రోజుల లెక్క మాత్రం మనలాగే ఒకటి నుంచే. నెలకో కాయిదా, రోజుకో కాయిదా.

ఈ బేఢంగా పద్ధతి ఎవరి పని? 1995 మేలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు పది రోజుల్లో ఈ భాష తొలి రూపం తయారు చేశాడు. మొదట దాని పేరు మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్. ఆ రోజుల్లో సన్ కంపెనీవారి జావా పేరు మార్మోగుతోంది. ఈ కొత్త భాష చూడటానికి జావాలాగా ఉండాలని పైనుంచి హుకుం. ఆ ఏడాది డిసెంబర్ 4న రెండు కంపెనీలూ కలిసి ప్రకటించేటప్పటికి పేరు కూడా జావాస్క్రిప్ట్ అయింది. తేదీల పనికి వేరే ఆలోచన చేసే తీరిక లేదు. జావాలో ఉన్న డేట్‌ను నెట్‌స్కేప్‌లోనే కెన్ స్మిత్ అనే మరో ఇంజనీరు ఉన్నదున్నట్టు తర్జుమా చేసి పెట్టాడు.

జావాకు ఆ సున్నా ఇంకా పాత యూనిక్స్, సీ భాషల నుంచి వచ్చింది. సీ భాషలో పట్టికల లెక్క సున్నాతో మొదలవుతుంది. నెలల పేర్ల పట్టికలోంచి ఒక పేరు తీయాలంటే నెల కూడా సున్నా నుంచి ఉంటేనే ఆసాన్. రోజులకు పేర్లు లేవు, అంకెలే, అందుకని వాటికి ఒకటి. అంటే మా ఖాందాన్ పెళ్లి తేదీ తప్పడానికి బీజం మా అమ్మాయే కాదు, నేను కూడా పుట్టకముందు పడింది.

అదే విరాసత్‌లో ఇంకో వస్తువు కూడా వచ్చింది. సంవత్సరం అడిగితే అందులోంచి 1900 తీసేసి చెప్పే గెట్‌ఇయర్. 1999 వరకు అది 99 అని చెబితే జనం ముందు 19 అతికించుకుని కాలం గడిపారు. 2000 జనవరి 1న అది 100 అంది. లోకంలోని ఎన్నో పేజీల మీద సంవత్సరం 19100 అని కనిపించింది! నాలుగంకెలూ చెప్పే గెట్‌ఫుల్‌ఇయర్ 1997 నాటి ఎక్మా ప్రమాణంలోనే ఉంది. అయినా పాతదాన్ని తీయలేదు. ఈ ఏడాది అడిగినా 1900 తీసేసే చెబుతుంది.

ఇక్కడే నాకు అసలు మసలా కనిపించింది. జావావాళ్లు తమ డేట్‌లో చాలా భాగం బాగోలేదని 1997లోనే, వెర్షన్ 1.1తో, వాడొద్దని ప్రకటించేశారు. నకలు తీసుకున్న జావాస్క్రిప్ట్ మాత్రం దాన్ని దశాబ్దాల పాటు మోసింది. ఎందుకంటే వెబ్ పేజీ రాసినవాడు ఒకసారి రాసి వెళ్లిపోతాడు. పదేళ్ల తర్వాత బ్రౌజర్ మారితే ఆ పేజీని సరిచేసే దిక్కుండదు. అందుకని ఆ భాషను చూసుకునే కమిటీ ఒక కాయిదా పెట్టుకుంది. పాత పేజీ ఏదీ పాడవకూడదు. ఒక జాబితాలో ఫలానా వస్తువు ఉందా లేదా అని అడగడం రోజూ ఉండే పని. దానికి కంటెయిన్స్ అనే పేరు పెట్టబోయారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ ఆ పేరును ముందే వాడుకుని ఉండటంతో కొన్ని సైట్లు ఆగిపోయాయి. చివరికి 2016లో ఇన్‌క్లూడ్స్ అని మరో పేరుతో వచ్చింది. 2018లో ఫ్లాటెన్ విషయంలోనూ అదే లైబ్రరీ అడ్డొచ్చింది, ఫ్లాట్ అని సర్దుకున్నారు. పాత ఇంటికి కొత్త గది కట్టేటప్పుడు దాదాజాన్ గోడ ముట్టుకోవద్దని అమ్మీ అన్నట్టే ఉంది. నాకు ఈ పట్టుదల మీద చిరాకు కన్నా ఇజ్జత్ ఎక్కువ.

(మనవాళ్ల కంప్యూటర్ వ్యాసాలన్నీ అల్ ఖ్వారిజ్మీతో మొదలవుతాయి. అల్గారిథం అనే మాట ఆయన పేరు నుంచి వచ్చిన సంగతి నిజమే. కానీ మా అమ్మాయి సమస్యకు ఆ ఫఖర్ ఏ రకంగానూ పనికిరాలేదు, అందుకని ఇక్కడితో సలాం.)

సరే, 5 తీసి 4 రాసింది. తర్వాత ఎవరో ఫ్రెండ్ చెబితే, ఈ అంకెల గొడవే వద్దని తేదీని మొత్తంగా కొటేషన్లలో పెట్టింది, ముందు సంవత్సరం, తర్వాత 05, తర్వాత 31. ఇలా రాస్తే నెల ఒకటి నుంచే లెక్క. ఇక్కడ అందరికీ మే 31 అని సరిగ్గా కనిపించింది. ఈసారి ఫోన్ చికాగో నుంచి, మా బావమరిది. "బేటీ, నిఖా జుమ్మా రోజు కాదా? నా ఫోన్‌లో జుమేరాత్ 30 అని ఉంది" అన్నాడు. సమయం రాయకుండా ఒట్టి తేదీ ఇలా రాస్తే జావాస్క్రిప్ట్ దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మనకు అప్పుడు పొద్దున ఐదున్నర, అదే రోజు. చికాగోలో ముందు రోజు సాయంత్రం ఏడు. తేదీ పక్కన సమయం కూడా రాస్తే మాత్రం చూసేవారి ఊరి సమయంగా తీసుకుంటుంది. అంటే ఇందులో తేదీ అనేదే లేదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్న ఒకే ఒక అంకె ఉంది. మిగిలిందంతా ఆ అంకెను ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నదే. పెళ్లి తేదీకి, పుట్టిన తేదీకి మిల్లీసెకన్లతో ఏం పని?

గడియారంలో ఇంకో చిన్న లోపం. నిమిషాలు ఐదుకొస్తే 7:05 బదులు 7:5 అని చూపించేది. ముందు ఒక సున్నా పెట్టాలి, అంతే. ఈ అంతే వెనక కూడా ఒక తారీఖ్ ఉంది. చాలా ఏళ్లు ఆ భాషలో దీనికి సొంత సాధనం లేదు. లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు లైన్ల చిన్న ప్యాకేజీని జనం అరువు తెచ్చుకునేవారు. దాన్ని రాసిన అజెర్ కొచులుకు కిక్ అనే పేరు ఎవరిదన్న విషయంలో ఎన్‌పీఎంతో తగాదా వచ్చింది. 2016 మార్చి 22న తన 273 ప్యాకేజీలనూ వెనక్కి తీసేసుకున్నాడు. ఆ పదకొండు లైన్లు లేక బేబెల్ లాంటి పెద్ద ప్రాజెక్టులు కూడా ఆగిపోయాయి. సుమారు రెండున్నర గంటల తర్వాత ఎన్‌పీఎం దాన్ని తానే తిరిగి పెట్టింది. ఎవరి రాతపై ఎవరికి హక్కు అన్న బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. పత్రికల్లో పనిచేసినవాడిగా నా మనసు అజెర్ వైపే మొగ్గుతుంది.

2017 ప్రమాణంలో ఆ పనికి భాషలోనే ప్యాడ్‌స్టార్ట్ వచ్చింది. ముందు దానికి ప్యాడ్‌లెఫ్ట్ అనే పేరు అనుకున్నారు. లెఫ్ట్ పోయి స్టార్ట్ అయినందుకు నాకు ఖుషీ. కుడి నుంచి రాసే మనకు ఎడమ అంటే మొదలు కాదు, చివర.

తేదీల గోడను మాత్రం కమిటీ ముట్టుకోలేదు. పక్కనే టెంపోరల్ అని కొత్త ఇల్లు కట్టింది. అది 2021లో మూడో దశకు చేరింది, 2025 మేలో ఫైర్‌ఫాక్స్‌లో మొదట అందరికీ అందింది. అందులో జనవరి 1. సమయం లేని ఒట్టి తేదీకి వేరే ఖానా ఉంది, చికాగోలో చూసినా మే 31 మే 31గానే ఉంటుంది. లేని రోజు ఇస్తే సరిచేయాలా, గల్తీ అని చెప్పాలా అన్నది రాసేవారి ఇష్టం.

నిఖా 31నే అయింది. తమ్ముడు మే టికెట్‌కే వచ్చాడు, మహంగా అని సణుగుతూ. ఆ సంబరంలో అమ్మాయి బక్రీద్ తేదీ కూడా పేజీలో పెడతానంది. జావాస్క్రిప్ట్‌లో హిజ్రీ లెక్క ఉంది, సౌదీవాళ్ల ఉమ్ముల్ ఖురా జంత్రీ ప్రకారం చూపించమంటే చూపిస్తుంది. జిల్‌హజ్ 10 అంటే జూన్ 16 అంది. జిద్దాలో ఆ రోజే ఈద్. మన దగ్గర చాంద్ కనిపించిన లెక్కన 17. కమిటీ ఎలాన్ వచ్చాక అమ్మాయి ఆ ఒక్క తేదీని చేత్తో మార్చింది.