రోడ్డు ఎనకాల కాయితాల లాయరు

ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి ఎల్లే ఆరు వరసల రోడ్డు మనందరికీ తెలుసు. ఇలాటి రోడ్డుకి అప్పు కాయితాలు రాసేది ఎవులో మాత్రం తెలీదు. వాళ్లూ లాయర్లే. నల్లకోటేసుకుని వాదించడం వాళ్ల రోజువారీ పని కాదు. కంపెనీకి అప్పు పుట్టడానికి కావలసిన కాయితం రాస్తారు. కార్పొరేట్ ఫైనాన్స్ లాయర్లంటారు.

ఆ రోడ్డుని హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో కట్టారు. అంటే ఏటి? ఖర్చులో 40 శాతం పని జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తాది. మిగతాది రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్లపాటు ఆర్నెల్లకో వాయిదా. అందాకా కాంట్రాక్టరు బ్యాంకు అప్పుతో నెట్టుకురావాలి.

మరి తాకట్టేటి పెడతాడు? రోడ్డు కింద భూమి ప్రభుత్వానిది. లాయరు తెలివంతా ఇక్కడే. ఒక్క రోడ్డు కోసమే వేరే కంపెనీ పెట్టిస్తారు. రేపు రాబోయే వాయిదాల మీద బ్యాంకుకి హక్కు రాస్తారు. కంపెనీ షేర్లు కుదువ పెట్టిస్తారు. వచ్చిన ప్రతి రూపాయీ ఎస్క్రో ఖాతాలోనే పడాలి, అందులోంచి ఎవులికి ముందు పోవాలో ఆ వరసా కాయితంలోనే ఉంటాది. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే ఇంకొకర్ని దింపమనే వీలు కూడా బ్యాంకుకుంటాది. ఈ తాకట్టుని 30 రోజుల్లోగా కంపెనీల రిజిస్ట్రారు దగ్గర నమోదు చెయ్యమంటాది 2013 కంపెనీల చట్టం. దాన్ని ఛార్జ్ అంటారు, బస్సు ఛార్జీ కాదు సుమా! ఏ కంపెనీ ఎవులికి తాకట్టులో ఉందో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో మీరే చూడొచ్చు.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. బ్యాంకు తరఫు లాయరు ఫీజు మామూలుగా అప్పు తీసుకున్న కంపెనీయే కడతాది, అది ప్రాజెక్టు ఖర్చులో కలిసిపోద్ది. 1956 జాతీయ రహదారుల చట్టం కింద పొలం పోయిన రైతు పరిహారం చాల్లేదని మధ్యవర్తి దగ్గరికెల్తేనో, లాయర్ని తనే ఎతుక్కోవాలి.

ఈ లాయర్లు ఎక్కడ తయారవుతారంటారా? ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా, బార్ కౌన్సిల్లో నమోదు, ఆలిండియా బార్ పరీక్ష. పెద్ద ఫర్ములు ఎక్కువగా జాతీయ లా యూనివర్సిటీల్లోంచే ఏరుకుంటాయి. 2008లో పెట్టిన దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ అలాటిదే, అదే దారిలో సబ్బవరంలో ఉంది. మనూరి పిల్లలకి అడ్డం దూరం కాదు, క్లాట్ ప్రశ్నపత్రం. మొత్తం ఇంగ్లీషే. తెలుగు మీడియం పిల్లల్ని గేటు బయటే ఆపేసే పద్ధతిది, నేనైతే ఒప్పుకోను. అయినా ఒక మాట వినండి: చట్టం ముందే తెలిసుండక్కర్లేదు, పేరా ఇచ్చి అందులోంచే అడుగుతారు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పరవాలేదు. 45 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 40.