గిరాకి లేని నేర్పు

కర్మాగారము వెలసినంతనే ఊరికి జీవనోపాధి కలుగునని మనవారు పలువురు తలచుచుందురు. ఊరి స్థితిని బట్టియే కర్మాగారము పెరుగునని మేమనుచున్నాము. గోదావరీ మండలమును చూడుడు. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరే ఒకవిధమైన నూలుబట్టకు ఆంగ్లమున పేరైనది. లాంకషైరు మిల్లుబట్ట వచ్చిపడెను, 1833 శాసనముతో ఈస్టిండియా కంపెనీ వర్తకమును ముగిసెను, మగ్గములు మూలబడెను. నేతగాండ్ర నేర్పు తగ్గలేదు, గిరాకి తగ్గినది.

1852లో కాటను దొరగారి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తికాగా, కాలువలు పొలములకు నీటిని, పడవలకు దారిని ఇచ్చినవి. రైతుచేత రొక్కమాడెను. పిదప వడ్లు పండినచోటనే బియ్యపు మిల్లులు లేచినవి. హమాలీలకును, పడవవారికిని, గుమాస్తాలకును పని దొరకినది. అయినను ఆ మిల్లులే వడ్లు దంచి పొట్టపోసికొను స్త్రీల రోకలిని మూలకు నెట్టినవి. ఊరు బాగుపడినంతమాత్రమున ఊరివారందరును బాగుపడరు.

కావున మిల్లును కోరు పెద్దలు ముందుగా కాలువను, బాటను, బడిని కోరవలెను. పని పోయిన చేతులకు క్రొత్తపని నేర్పు భారమును సంఘమే వహింపవలెను.