జాటోపెక్ భుజాలు, బికీలా పాదాలు

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో చెకోస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ ఐదు వేల మీటర్లు, పది వేల మీటర్లు, మారథాన్ మూడింటా స్వర్ణం గెలిచాడు. మారథాన్ పరుగెత్తడం అతనికి అదే మొదటిసారి. తల ఒక పక్కకు వాల్చి, భుజాలు బిగబట్టి, మొహం నిండా యాతనతో పరుగెత్తేవాడు. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు అడుగడుక్కీ తల ఊగేది. పరుగుకు తీరైన భంగిమ ఒకటుందనీ, అది పట్టుబడితే వేగం పెరిగి గాయాలు తప్పుతాయనీ నమ్మేవారికి ఈ ఇద్దరికీ జవాబు చెప్పుకోవడం కష్టం. అలాగని ఎలా పరుగెత్తినా ఒకటే అనలేం. చూపరులకు కనబడే తీరు వేరు, ఏ కీలు మీద ఎంత బరువు పడుతోందన్నది వేరు. దిద్దుకోవాల్సింది ఈ రెండోదాన్ని, అదీ కొద్దికొద్దిగానే.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో వట్టికాళ్ల పరుగు ఉద్యమం చూపించింది. 1960లో రోమ్ వీధుల్లో ఇథియోపియా సైనికుడు అబెబె బికీలా బూట్లు లేకుండా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచాడు. 2010లో హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’లో ఒక పరిశోధన ప్రచురించింది. వట్టికాళ్లతో పరుగెత్తడం అలవాటైనవారు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారనీ, మడమ నేలను గుద్దినప్పుడు పుట్టే అదురు అప్పుడు దాదాపు కనిపించదనీ అందులో తేలింది. గాయాలు తగ్గుతాయని మాత్రం అది నిరూపించలేదు. జనం తగ్గుతాయనే అర్థం చేసుకుని వేళ్ల ఆకారంలో ఉన్న పల్చటి బూట్లు కొన్నారు. 2013లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో అలాంటి బూట్లకు మారినవారికి పది వారాల తర్వాత ఎంఆర్ఐ తీసి చూస్తే, వారిలో చాలామందికి పాదాల ఎముకల్లో వాపు కనిపించింది. 2014లో వాటి తయారీదారు విబ్రమ్, తప్పు ఒప్పుకోకుండానే, ఆరోగ్య ప్రచారంపై వేసిన దావాను 37.5 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది. మడమ మీద తగ్గిన భారం పిక్కలకూ, మడమ వెనక స్నాయువుకూ, పాదంలోని సన్నటి ఎముకలకూ చేరుతుంది. ఏళ్ల తరబడి మెత్తటి బూట్లలో నడిచిన కాలు దాన్ని కొన్ని వారాల్లో మోయలేదు. అన్నట్టు, బికీలా 1964 టోక్యోలో బూట్లు వేసుకుని అంతకన్నా వేగంగా, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు.

మేటి పరుగువీరులంతా మడమ ఆనించకుండానే పరుగెత్తుతారు కదా అని అడగవచ్చు. జపాన్‌లో ఒక హాఫ్ మారథాన్ 15 కిలోమీటర్ల మైలురాయి దగ్గర తీసిన వీడియోను పరిశీలిస్తే, అగ్రశ్రేణి ఆటగాళ్లలోనే దాదాపు ముప్పావు మంది మడమ మీద దిగుతున్నారని 2007లో తేలింది. ముందున్నవారిలో పాదం మధ్యభాగం ఆనించేవారి వాటా కొంత ఎక్కువన్నది నిజమే. కానీ వేగం పెరిగేకొద్దీ పాదం దిగే తీరు తనంతట తానే మారుతుంది. అందుకని దాన్ని వేగానికి కారణమనడం తొందరపాటు.

మార్చుకోదగ్గది అంగ పొడవు. పాదం ఒంటికి మరీ ముందు పడితే ప్రతి అడుగూ కొంత బ్రేకు వేసినట్టే, ఆ దెబ్బ మోకాలికి తగులుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2011లో 45 మందిని ట్రెడ్‌మిల్‌పై అదే వేగంతో, నిమిషానికి 5 నుంచి 10 శాతం ఎక్కువ అడుగులు వేయిస్తూ పరుగెత్తించింది. అంగ కురచైంది, మోకాలి మీదా తుంటి మీదా భారం తగ్గింది. నిమిషానికి 160 అడుగులు వేసేవారు 168కి మారితే చాలు. అందరూ 180 వేయాలన్న మాట 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ లెక్కించిన అడుగుల నుంచి వచ్చింది. అవి పోటీ వేగంలో వేసినవి, ఉదయం నింపాదిగా పరుగెత్తేవారికి అవే వర్తించవు. పైగా శరీరం తానుగా ఎంచుకునే అంగ తక్కువ శక్తితో సాగే అంగకు దగ్గరగానే ఉంటుంది, దాన్ని బాగా మారిస్తే ఆయాసమే మిగులుతుంది. మోకాలు నొప్పి పెట్టేవారికి ఈ చిన్న మార్పు పనికొస్తుంది. పిక్క పట్టేసేవారు మునివేళ్ల మీద దిగడం నేర్చుకుంటే నొప్పి ఇంకా పెరగవచ్చు. ఏ నొప్పీ లేకుండా పరుగెత్తుతున్నవారు ఏదీ మార్చుకోనక్కర్లేదు.