మంచు ఖండంలో ఒక భారతీయుని పేరు

అంటార్కిటికా పటం తెరిస్తే మేరీ బర్డ్ లాండ్ అనే విశాల ప్రాంతం కనపడుతుంది. అందులో మెక్‌డొనాల్డ్ హైట్స్ అనేచోట ఎరిక్సన్ బ్లఫ్స్ అనే కొండచరియలున్నవి. వాటి ఆగ్నేయపు కొసన 990 మీటర్ల శిఖరం ఒకటున్నది. దాని పేరు మౌంట్ సిన్హా.

సిన్హాగారు తెలుగువారు కారు. ఆ మాట ముందే చెప్పటం మంచిది. అఖౌరీ సిన్హా బీహారువారు. జంతుశాస్త్రం చదివి, రాంచీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, అమెరికా వచ్చి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1971–72 లో అమెరికా పరిశోధక బృందం ఒకటి సౌత్‌విండ్ అనే మంచు పగలగొట్టే ఓడలో బెల్లింగ్స్‌హౌసెన్, అముండ్సెన్ సముద్రాలకు వెళ్ళింది. సిన్హా అందులో సభ్యులు. ఓడతోపాటు రెండు హెలికాప్టర్లు. తేలే మంచుపలకల నడుమ సీల్ జంతువులను, తిమింగలాలను, పక్షులను లెక్కించటమే వారి పని. చదవటానికి సులువుగానే ఉంటుంది కాని, ఆ చలిలో కళ్ళు చిట్లించుకొని గంటల తరబడి లెక్క తప్పకుండా చూడటం సామాన్యమా?

అంటార్కిటికా పేర్ల విషయంలో అమెరికా ప్రభుత్వానికి సలహా చెప్పే సంఘం ఒకటి ఉండేది. ఆ పనికి గుర్తుగా ఈ కొండకు సిన్హా పేరు పెట్టింది ఆ సంఘమే. స్నేహాన్నిబట్టి, చుట్టరికాన్నిబట్టి పేర్లు పెట్టకూడదని వారి నియమం. ఆ నియమం 1929 లోనే ఉంటే మేరీ బర్డ్ లాండ్‌కు వేరే పేరు వెదకవలసివచ్చేది. అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ దానికి తన భార్య పేరే పెట్టుకున్నాడు మరి!

అన్ని కొండల సంగతీ ఇలా లేదు. అలాస్కాలో కోయుకాన్ ప్రజల డెనాలీకి 1896 లో ఒక బంగారు వేటగాడు మెకిన్లీ పేరు పెట్టాడు. ఆ మెకిన్లీ అలాస్కా గడ్డ తొక్కనేలేదు. ప్రభుత్వం 2015 లో పాత పేరు తిరిగి ఇచ్చింది, 2025 లో మళ్ళీ తీసివేసింది. మన మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ, కడప కలెక్టరు హార్సిలీ అక్కడ ఇల్లు కట్టుకున్న తరువాత, హార్సిలీ కొండ అయింది. మల్లమ్మకు గుడి మాత్రం మిగిలింది.

పేరు పోవటమంటే ఏమిటో మనవంటి కుటుంబాలకు వేరే చెప్పాలా? కూలి ఒప్పందంమీద చెరకు తోటలకు వెళ్ళిన మా తాతగారి ఇంటిపేరు రిజిస్టరుకెక్కలేదు. ఆయన తండ్రి పేరునే గుమాస్తా ఇంటిపేరుగా రాసుకున్నాడు. మూడు తరాలుగా మేము అదే రాస్తున్నాము.

మౌంట్ సిన్హా ఎవరి పేరునూ తుడిచి రాసినది కాదు. అక్కడ కాపురమున్నవారు ఎన్నడూ లేరు. 1959–65 మధ్య అమెరికా నౌకాదళం విమానాలనుంచి తీసిన ఫోటోలు, సర్వేలు కలిపి ఆ ప్రాంతపు పటం గీశారు. సీల్ జంతువులను లెక్కించిన మనిషి పేరు ఆ తరువాత దానిమీదికి వచ్చింది.